గేరు ఆలస్యంగా పడితే వరద నీరు కారణమంటున్నారు, వారంటీ పోయినట్టేనా?

ప్రశ్న: మాది కోనసీమలో లంకలకు దగ్గర ఊరు. 2023 జూన్‌లో 12 లక్షలు పెట్టి ఆటోమేటిక్ కారు కొన్నాను. నా భార్యకు మోకాలి నొప్పి, క్లచ్ తొక్కే పని ఉండదని ఆశపడ్డాం. ఏడాది తిరక్కుండానే రెండో గేరు నుంచి మూడో గేరు పడటానికి రెండు మూడు సెకన్లు పట్టడం మొదలైంది. ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం ముందుకు లాగదు. షోరూముకు నాలుగుసార్లు తీసుకెళ్లాను. మొదట ‘ఆటోమేటిక్ అంటే అంతేనండీ’ అన్నారు, తర్వాత సాఫ్ట్‌వేర్ మార్చామన్నారు. 2025 నవంబరులో మాత్రం ‘లోపలికి వరద నీరు వెళ్లింది, వారంటీ వర్తించదు, గేర్ బాక్స్ మార్చాలంటే రెండున్నర లక్షలు’ అని ఈమెయిల్ పెట్టారు. 2024 జూలై వరదలో కాజ్‌వే మీద ఒకసారి నీళ్లలో నడిపిన మాట నిజమే. గట్టిగా అడిగితే అందరి ముందూ అవమానించారు. అక్కడి అడ్వైజరే పక్కకు పిలిచి, వరద నష్టమని ఇన్సూరెన్స్ క్లెయిము పెట్టుకోమన్నాడు. నాకు కొత్త కారు, 10 లక్షల పరిహారం వస్తాయా?

జవాబు: మీరు పంపిన పూర్తి ఉత్తరంలో ఎక్కువ భాగం షోరూములో జరిగిన అవమానం గురించే ఉంది. కేసు దానిమీద తేలదు. 2024 ఏప్రిల్ 18 నాటి మొదటి జాబ్ కార్డు (బండి సర్వీసుకు ఇచ్చినప్పుడు షోరూము వాళ్లు రాసే కాగితం) మీద తేలుతుంది. మీరు పంపిన ఫొటోలో ‘కస్టమర్ ఫిర్యాదు’ అన్న గడిలో సర్వీసు వాళ్ల చేతిరాతతోనే ‘2 నుంచి 3 గేరు లేటు’ అని ఉంది. పక్కన 9,412 కిలోమీటర్ల రీడింగు, కింద వాళ్ల స్టాంపు. ఏప్రిల్‌లో మన డెల్టాలో వరద ఎక్కడిది? కాలవలు కట్టేసే రోజులవి. మీరు నీళ్లలో నడిపింది జూలైలో. నీరు రాకముందే పుట్టిన జబ్బుకు నీరు కారణం ఎలా అవుతుందన్న ఒక్క ప్రశ్నకు కంపెనీ జవాబు చెప్పుకోవాలి.

రెండో ఆధారం సెప్టెంబరు జాబ్ కార్డు. ‘గేర్ బాక్స్ ఆయిల్ లెవెల్ సరిపోయింది, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాం’ అని రాశారు. ఆటోమేటిక్ గేర్ బాక్స్ ఆయిల్‌లో నీరు కలిస్తే అది పాలు కలిసినట్టు మసకగా మారుతుంది. వరద వెళ్లిన రెండు నెలలకు ఆయిల్ చూసినవాళ్లు ఆ తేడా ఎందుకు రాయలేదు? మీ వకీలు సర్వీసు మేనేజరును అడగాల్సింది ఇదే.

అయితే ‘నీరు కాదు’ అని తేలినంత మాత్రాన ‘తయారీ లోపం’ అని తేలిపోదు. గేరు ఆలస్యానికి కారణాలు చాలా ఉంటాయి: ఆయిల్ తగ్గడం, పాడవడం, రకం మారడం, ఆయిల్ దారిని తెరిచి మూసే సోలనాయిడ్ వాల్వు పట్టేయడం, కంట్రోల్ యూనిట్ లేదా సెన్సర్ తప్పు, లోపలి క్లచ్ ప్లేట్లు అరగడం. వీటిలో ఏదన్నది మీ నాలుగు జాబ్ కార్డుల్లో ఒక్కదానిలోనూ లేదు. స్కానర్‌లో వచ్చిన ఎర్రర్ కోడ్ కూడా రాయలేదు. వినియోగదారుల కమిషన్ ముందు లోపం నిరూపించాల్సిన భారం మనదే, ఇంజిన్ అరుస్తోందన్న మాట దానికి చాలదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 38(2)(సి) ప్రకారం పరీక్ష లేకుండా లోపం తేలదనుకుంటే కమిషన్ నమూనా తీయించి, సీలు వేయించి, తగిన ప్రయోగశాలకు పంపవచ్చు. నివేదికకు 45 రోజుల గడువు. పరీక్ష కోరే పిటిషన్‌ను కేసుతోపాటే వేయించండి. పరీక్ష ఫీజు ముందు మీరు కట్టాల్సి వస్తుంది, వెనకాడకండి.

అప్పటిదాకా గేర్ బాక్స్ ఆయిల్ ఎవరినీ మార్చనివ్వకండి. తెలిసిన మెకానిక్ ‘ఆయిల్ మార్చి, కోడ్లు డిలీట్ చేసి చూద్దాం’ అంటాడు. ఆ పాత ఆయిలే మీ సాక్ష్యం, ఆ కోడ్లే మీ సాక్ష్యం. పోయాక నేనే కాదు, ఎవరూ తేలేరు.

ఇక ఆ అడ్వైజర్ ఇచ్చిన సలహా సంగతి. దాని జోలికి వెళ్లకండి. ‘వరద నీటివల్ల గేర్ బాక్స్ చెడింది’ అని క్లెయిము ఫారంలో మీ సంతకం పడిన రోజే ఈ కేసు ముగిసిపోయినట్టు. కంపెనీ చెబుతున్న మాటనే మీరు ఒప్పుకున్నట్టు అవుతుంది, వాళ్ల వకీలు కమిషన్ ముందు పెట్టే మొదటి కాగితం అదే అవుతుంది. పైగా ఏప్రిల్‌లోనే మొదలైన లోపాన్ని తెలిసీ జూలై వరద మీదకు నెడితే అది అబద్ధపు క్లెయిము. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద మోసం కేసు దాకా వెళ్లవచ్చు. అప్పుడు ఆ అడ్వైజర్ మీ పక్కన నిలబడడు.

కోపంగా అనిపించినా ఒక మాట చెప్పాలి. 12 లక్షల బండికి మొదటి జాబ్ కార్డు అసలు ప్రతి పోగొట్టుకున్నారు. మూడోసారి, 2025 మేలో, ‘పని సంతృప్తికరం’ అన్న గడి కింద చదవకుండా సంతకం పెట్టారు. మధ్యలో అంతా ఫోన్లో మాట్లాడారు, ఒక్క ముక్క రాతలో లేదు. ఇది నిర్లక్ష్యం. ఆ సంతకాన్ని కంపెనీ తప్పకుండా వాడుకుంటుంది. అదే సమస్యతో నవంబరులో మళ్లీ బండి ఇచ్చారు కాబట్టి రిపేరు నిలవలేదని మనం వాదించవచ్చు, కానీ వాదించాల్సిన అవసరం తెచ్చిపెట్టింది మీరే.

అన్నిటికంటే టెన్షన్ పెట్టేది గడువు. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం కేసుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలో ఫిర్యాదు వేయాలి. వారంటీ నిరాకరించిన నవంబరు నుంచి లెక్కపెట్టాలని మనం అంటాం. లోపం బయటపడిన 2024 ఏప్రిల్ 18 నుంచే అని వాళ్లంటారు. ఆ వాదన నెగ్గితే 2026 ఏప్రిల్ 17తో మీ తలుపు మూసుకుపోతుంది. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది, అయితే తగిన కారణం చూపాలి. ‘షోరూము చుట్టూ తిరుగుతున్నాను’ అంటే ప్రతిసారీ ఒప్పుకోరు. లీగల్ నోటీసు పంపినా, వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసినా గడువు ఆగదు. కాబట్టి ఏప్రిల్ 17నే ఆఖరు తేదీగా పెట్టుకుని, దానికి ముందే కేసు వేయండి.

కొత్త కారు మీద ఆశ తగ్గించుకోండి. చెడిన భాగాన్ని మార్చి సరిచేయగలిగినప్పుడు, వారంటీలో రాసింది కూడా అంతవరకే అయినప్పుడు, బండి మొత్తం మార్చమనలేమని 2006లో సుప్రీం కోర్టు ఒక కారు కేసులో చెప్పింది. గేర్ బాక్స్ ఉచితంగా మార్చడం, మార్చినదానికి కొత్తగా వారంటీ, కేసు ఖర్చులు, సబబైన పరిహారం అడగండి. అలా సరిచేయలేమని పరీక్షలో తేలితే ధర వాపసు ఇవ్వాలని ప్రత్యామ్నాయంగా రాయించండి. 10 లక్షలు అని రాస్తే దానికి లెక్క చూపాలి. మీ దగ్గర ఏ బిల్లూ లేదు.

డీలరు, తయారీ కంపెనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, కంపెనీ ఆఫీసు ఉన్న ఊరికి వెళ్లక్కర్లేదు. 10 నుంచి 20 లక్షల మధ్య ధరకు ఫీజు 400 రూపాయలే. ఈలోగా రేపే డీలరుకు ఈమెయిల్, దాంతోపాటు స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి: నాలుగు జాబ్ కార్డుల ధ్రువీకరించిన నకళ్లు, పూర్తి సర్వీసు హిస్టరీ, ప్రతిసారి తీసిన స్కాన్ రిపోర్టు కావాలని. ఇవ్వకపోతే పత్రాలు తెప్పించే అధికారం కమిషన్‌కు ఉంది, ఉత్తరం పంపిన రసీదు అప్పుడు పనికొస్తుంది. మొదటి జాబ్ కార్డు ఫొటోకు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ధ్రువపత్రం (ఫోనులాంటి పరికరంలోని ఆధారం అసలైనదేనని చెప్పే పత్రం) జతచేయాలి. అందుకే ఆ ఫొటో తీసిన ఫోనును కేసు తేలేదాకా అమ్మకండి, ఎక్స్ఛేంజిలో ఇవ్వకండి.