శ్రీకాకుళంలో ఒక్కడివే ఉండి కవితలు రాస్తున్న మా చిన్నోడికి

ఒరే చిన్నోడా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన కవితలన్నీ చదివాన్రా, మీ పెద్దమ్మకి కూడా వినిపించాను, ఆవిడ "ఈ గుంటడు అన్నం తింటన్నాడో లేదో" అంది తప్ప కవిత గురించి ఏమీ అన్లేదు. నాకు మాత్రం ఒకటి కొట్టొచ్చినట్టు కనపడింది, అన్నిట్లోనూ చీకటి, శూన్యం, ఎడారి ఉన్నాయి గానీ మనిషన్నవాడు ఒక్కడూ లేడు. శ్రీకాకుళంలో ఎడారెక్కడిదిరా బాబూ, నాగావళి పక్కనే కదా నీ రూమ్.

ఇక్కడ నాకెవరూ లేరు అని రాశావు. మరి ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర టిఫిన్ బండి ఆవిడ? రెండ్రోజులు కనపడకపోతే "ఏటి బావూ, ఒంట్లో బాగునేదేటి" అనడిగిందని ఫోన్లో నువ్వే చెప్పావు కదా, అది వదిలేసి శూన్యం మీద రాస్తావేంటి. ఆ మాట ఉన్నదున్నట్టు మన యాసలోనే పెట్టు. జనం మాట్లాడుకునే మాటలతో రాసిన కన్యాశుల్కం 1892లోనే మా విజయనగరంలో ఆడారు, గురజాడకి లేని మొహమాటం నీకెందుకు చెప్పు.

అలాగని ఆవిణ్ణి అన్నపూర్ణని చేసెయ్యకు, జాలి అసలే వద్దు. పాత బాకీ అడిగినప్పుడు అందరి ముందూ ఎలా కేకలేసిందో అది కూడా రాయి, అప్పుడే ఆ పలకరింపు నమ్ముతాం.

లైన్ల సంగతా, ఫేస్‌బుక్‌లో చూసి మూడు మాటలకోసారి ఎంటర్ కొట్టేస్తన్నావు. పైకి చదువు, ఊపిరి ఎక్కడాగితే అక్కడ ఆపు, అంతే.

ఖాళీ దొరికినప్పుడు కథానిలయానికి వెళ్ళు, కారా మాస్టారు, అదే కథకుడు కాళీపట్నం రామారావు గారు, 1997లో పెట్టిన కథల లైబ్రరీ అది, ఆ ఊళ్ళో ఉండి చూడకపోతే ఎలా. అక్కడున్నవి కథలే, పర్లేదు, మన జిల్లాల కథల్లో మనుషులు ఎలా మాట్లాడుకుంటారో చూస్తే నీ కవితలకే పనికొస్తాది. ఎవరైనా కూర్చునుంటే ఫోన్ జేబులో పెట్టి రెండు ముక్కలు మాట్లాడు.

కానీ రాద్దామని పలకరించకురా, అవతలోళ్ళకి ఇట్టే తెలిసిపోతాది. బండి ఆవిడ రాకపోతే నువ్వూ అడుగు ఏమైందని, పక్క రూమ్‌లో ఆ పర్లాకిమిడి కుర్రాడికి జ్వరమొస్తే మెడికల్ షాపుకి నువ్వెళ్ళు. కవిత వస్తే వస్తాది, రాకపోతే పోయిందేం లేదు. (పెద్దనాన్న ఇలాగే అంటాడనుకుంటున్నావు కదూ, అనుకో.)

ఆవిడ మీద రాసింది వాయిస్ మెసేజ్ పెట్టు, మీ పెద్దమ్మకి కళ్ళజోడు గొడవుండదు. బాకీ మాత్రం ముందు కట్టెయ్.

మీ పెద్దనాన్న
విజయనగరం