పెళ్లిరోజుకి నాలుగు రోజులు లీవుంటే తిరుపతి నుంచి జంటగా యాడికి పోవచ్చు?

తమ్ముడూ, జనవరిలో మీ మొదటి పెళ్లిరోజు, నాలుగు రోజులు లీవు, సొంత కారు, ఆ అమ్మాయికి కొండలిష్టం నీకు సముద్రమిష్టం, ఊటీనా మున్నారా పాండిచ్చేరినా అని కదా నువ్వడిగింది. మూడూ చూసినదాన్ని కాబట్టి చెప్తున్నా, ఈసారికి మూడూ వద్దు, హార్సిలీ హిల్స్ పోండి. మన పక్కనే ఉండేదానికి మళ్ళీ స్పెషల్‌గా పోవాల్నా అంటావేమో, పక్కనే ఉంది కాబట్టే పొమ్మంటున్నా.

తిరుపతిలో కాపురం పెట్టినోళ్ళ బాధ బయటూరోళ్ళకి తెలీదు. వరసగా రెండు సెలవులొస్తే చాలు ఎవరో ఒకరు దర్శనానికని దిగుతారు. మూడొందల టికెట్టు దొరకలేదు ఏమన్నా చేస్తావా అని ఒకరు, కొండమీద రూము చెప్పించమ్మా అని ఇంకొకరు, తెల్లారుజామున అలిపిరి దాకా దింపమని వేరొకరు. తప్పు పట్టడంలా, స్వామి దగ్గరికి వచ్చేవాళ్ళకి కాఫీ ఇచ్చినా పుణ్యమే, కానీ కొత్త జంటకి సొంతింట్లోనే నిమ్మళంగా కూర్చోని మాట్లాడుకునే సందుండదు. అందుకని నేను ప్లేసు ఎంచేటప్పుడు రెండే చూస్తా, ఆడ జనం ఎంత, దారిలో ఎన్ని గంటలు పోతాయి. ఫోటోలు ఎట్లొస్తాయనేది ఆ తర్వాత.

మున్నార్ బాగుంటుంది, కాదనను. కేరళ ఎక్స్‌ప్రెస్ తిరుపతి, చిత్తూరు మీదుగానే పోతాది, కానీ ఆలువాలో దిగినాక ఇంకా 110 కిలోమీటర్లు, చానా మటుకు ఘాట్ రోడ్డే. పోను ఒక రోజు రాను ఒక రోజు పోయె, మిగిలిన రెండ్రోజులు టాక్సీ అతను టీ మ్యూజియం, మట్టుపెట్టి డ్యామ్, ఎకో పాయింట్ అని లిస్టు పట్టుకోని తిప్పుతానే ఉంటాడు. మేము పోయినప్పుడు మా ఆయన కారెక్కితే నిద్ర, దిగితే ఆవులింత. వారం లీవు దొరికినప్పుడు పెట్టుకోండి. ఆడ పన్నెండేళ్ళకోసారి పూసే నీలకురింజి పూలు మళ్ళీ 2030లో పూస్తాయంటారు, అప్పటికి పిల్లోళ్ళని కూడా తీస్కపోవచ్చు. ఊటీ అయితే జనవరి రాత్రుళ్ళు గడ్డిమీద మంచు గడ్డకడతాది, చలికి తట్టుకోలేనోళ్ళు రూములోంచి బయటికి రారు. పైగా 2024 మే నుంచి ఊటీకీ కొడైకెనాల్‌కీ బండిలో పోవాలంటే ఈ-పాస్ పెట్టినారు, డబ్బులేం కట్టక్కర్లా, ఆన్‌లైన్లోనే వచ్చేస్తాది, మర్చిపోతే మాత్రం చెక్‌పోస్టు దగ్గర ఇబ్బంది.

హార్సిలీ హిల్స్‌కి ఆ తిప్పలేం లేవు. పొద్దున టిఫిన్ చేసి భాకరాపేట, పీలేరు, మదనపల్లె మీదుగా పోతే మధ్యాహ్నం భోజనానికి పైనుంటారు. ఎత్తు 1,265 మీటర్లు, ఊటీ అంత వణికించదు, శాలువా కప్పుకోని వరండాలో కూర్చోగలిగే చలి. నీలగిరి చెట్ల వాసన, పొద్దున్నే కిటికీ బయట పొగమంచు. గాలిబండ మీద సాయంత్రం కూర్చుంటే పక్కనోళ్ళ మాట కూడా వినపడనంత గాలి, చీర కట్టుకొస్తే కొంగు పట్టుకోడానికే ఒక చెయ్యి పోతాది, ఆ అమ్మాయికి ముందే చెప్పు. చూసేదానికి గంగోత్రి చెరువు, మల్లమ్మ గుడి, అంతే, ఒక పూటలో అయిపోతాయి. చూసేది తక్కువే అని కొందరు మూతి ముడుస్తారు, నాకు నచ్చిందే అది, రెండోరోజు మేమిద్దరం ఏ పనీ లేకుండా మధ్యాహ్నం దాకా కబుర్లు చెప్పుకున్నాం, ఇంట్లో ఉంటే అట్ల కుదుర్తుందా.

కానీ సోమవారం నుంచి గురువారం లోపలే పెట్టుకో. శని ఆదివారాలు బెంగళూరు కార్లన్నీ ఆడే ఉంటాయి, గాలిబండ మీద నిలబడే చోటుండదు. టూరిజం వాళ్ళ హరితలో రూము ముందే బుక్ చెయ్, లోయ వైపు ఇమ్మని అడుగు. ఇద్దరి ఆధార్ కార్డులూ పెట్టుకోండి. పెట్రోలు, చేతిలో డబ్బులు మదనపల్లెలోనే చూసుకో. పైన తిండికి పెద్ద చాయిస్ ఉండదు, చీకటి పడినాక ఇంకా కష్టం, రాత్రి భోజనం సాయంత్రమే చెప్పి పెట్టుకుంటే మేలు. కోతులు మాత్రం మహా ఘోరం, బాల్కనీలో అరటిపండు పెట్టినావో అంతే సంగతులు.

వచ్చేటప్పుడు భాకరాపేట దగ్గర తలకోనకి తిరగండి. 270 అడుగుల జలపాతం, మనకి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, జనవరిలో ఇంకా నీళ్ళు పడతానే ఉంటాయి, ఎండాకాలం పోతే తడిసిన బండలే.

నీ సముద్రం మాటా మర్చిపోలేదు. పాండిచ్చేరిలో సాయంత్రమైతే బీచ్ రోడ్డు మీద బండ్లు ఆపేస్తారు, ఆ నడక నాకు భలే ఇష్టం, కాకపోతే ఆడ ఒడ్డు చానా మటుకు రాళ్ళే, నీళ్ళలో దిగాలంటే చున్నాంబార్ బోట్‌హౌస్ నుంచి పడవెక్కి ప్యారడైజ్ బీచ్‌కి పోతే మేలు. దానికి విడిగా మూడు రోజులు పెట్టుకో. కొండా సముద్రం రెండూ ఈ నాలుగు రోజుల్లోనే ఇరికిస్తే కారులోనే కాపురం. నీళ్ళు చూడాలనే మనసుంటే మిగిలిన నాలుగోరోజు సూళ్లూరుపేట పోయి రండి, శ్రీహరికోట రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచే పోతాది, జనవరిలో రెండువైపులా ఫ్లెమింగోలు కనిపిస్తాయి, రాత్రికి ఇంటికొచ్చేయొచ్చు.

ఇంకోటి, పాండిచ్చేరి అని ఇంట్లో నోరు జారినావంటే అమ్మావాళ్ళు ఆ దారిలోనే కంచి కామాక్షి, అటునుంచటే అరుణాచలం గిరిప్రదక్షిణ అంటారు, అది 14 కిలోమీటర్ల నడక, పెళ్లిరోజంతా కాళ్ళనొప్పులే. వాళ్ళ తృప్తికి కావాలంటే ముందే తిరుమలలో కల్యాణోత్సవం చేయించుకోండి, వెయ్యి రూపాయల టికెట్టుకి ఇద్దరినీ పంపుతారు, ఆన్‌లైన్లో మూడు నెలల ముందే అయిపోతాయి కాబట్టి ఇప్పుడే చూడు.

డేటు ఇంకా ఫిక్స్ చెయ్యకుంటే సంక్రాంతి వారం వదిలెయ్, యాడ చూసినా రూముల రేట్లు మండిపోతాంటాయి, తమిళనాడు వైపు పండగ ఆఖరి రోజు, కాణుం పొంగల్‌కి, బీచుల్లో ఇసుకేస్తే రాలరు. ఇరవై తర్వాత పెట్టుకో.