ఊళ్లో ఆరోగ్య సదస్సు పెడితే ప్రయోజనం ఉంటుందా? ఏం చెప్పించాలి?

కంచిలి దగ్గరి మీ ఊళ్లో యువజన సంఘం తరఫున బీపీ, షుగరు, కిడ్నీ జబ్బులు, క్షయ, రక్తహీనత, వీటన్నిటి మీదా వైద్యులతో మాట్లాడించాలనుకుంటున్నామని రాశారు. ఇలాంటి సభల వల్ల నిజంగా ఉపయోగం ఉంటుందా అని, ఉంటే ఏయే విషయాలు చెప్పించాలి అని అడిగారు. నేను కవిటి మండలంలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. ఉద్యోగంలో ఉన్న రోజుల నుంచీ చుట్టుపక్కల ఊళ్లలో ఇటువంటి సదస్సుల ఏర్పాట్లలో పాలుపంచుకుంటూ వస్తున్నాను. ఉపయోగం తప్పకుండా ఉంటుంది. కాకపోతే సభ ఎంత బాగా జరిగిందన్నదాన్ని బట్టి దాన్ని లెక్కకట్టకూడదు. విన్న మనిషి ఆ వారంలోగా రక్తపరీక్ష చేయించుకున్నాడా, ఆ ఫలితానికి అర్థం తెలుసుకున్నాడా, తర్వాత ఎక్కడికి వెళ్లాలో అతనికి తెలిసిందా అన్న మూడింటిని బట్టే లెక్కకట్టాలి. మీ ఏర్పాట్లన్నీ ఈ మూడింటి చుట్టూ చేసుకోండి.

ముందుగా జబ్బుల జాబితాను కుదించండి. ఒక సాయంత్రం అయిదు జబ్బుల గురించి వింటే ఇంటికి చేరేసరికి ఒక్కటీ గుర్తుండదు. క్షయకు, రక్తహీనతకు వేరే రోజులు కేటాయించుకోవచ్చు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో, అంటే మన ఉద్దానంలో, మొదటి సభ కిడ్నీ జబ్బు మీదే ఉండాలి. బీపీ, షుగర్ల గురించి అందులో భాగంగానే చెప్పించవచ్చు. ఎందుకంటే ఇతర ప్రాంతాల్లో కిడ్నీలు పాడవడానికి ముఖ్య కారణాలు ఆ రెండే. మన దగ్గర మాత్రం ఆ రెండూ లేని మనుషులకు, కొబ్బరి తోటల్లోనూ జీడి తోటల్లోనూ కష్టపడి పనిచేసే నడివయసు వారికి కూడా ఈ జబ్బు వస్తోంది. శ్రీలంకలోని వరి రైతుల్లోనూ, నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాల్లోని చెరకు తోటల కూలీల్లోనూ కనిపించే జబ్బు దీనిని పోలినదే.

సభకు వచ్చినవారికి అన్నిటికన్నా ముందు తెలియాల్సిన సంగతి, ఈ జబ్బు చాలాకాలం ఏ లక్షణమూ చూపించదన్నది. కాళ్లు వాయడం, మూత్రం తగ్గడం, ఆయాసం, వాంతులు, ఇవన్నీ కిడ్నీలు చాలావరకు దెబ్బతిన్నాక కనిపించేవి. పైగా ఉద్దానం తరహా జబ్బులో తొలిదశలో బీపీ మామూలుగానే ఉండవచ్చు, మూత్రంలో ప్రోటీను కూడా పెద్దగా పోకపోవచ్చు. అందువల్ల బీపీ చూసి, వేలి కొసన సూది గుచ్చి షుగరు చూసి పంపించే శిబిరం మన ప్రాంతానికి చాలదు. రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం, ఎంత ఉందో చూడాల్సిందే. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీను పరీక్ష కూడా చేయించగలిగితే షుగరు, బీపీ వల్ల కిడ్నీ దెబ్బతింటున్నవారు కూడా ముందే బయటపడతారు.

ఇక్కడ వైద్యుడు తొందరపడకుండా నిదానంగా చెప్పాల్సిన విషయం ఒకటుంది. మన ఊళ్లలో క్రియాటినిన్ అన్న మాట తెలియని ఇల్లు లేదు. అరుగు మీద కూర్చున్నవాళ్లు సైతం "ఆడికి ఎంతుంది, నీకెంతుంది" అని పోల్చుకుంటూ ఉంటారు. కానీ ఆ అంకె ఒక్కటే చూసి పోల్చుకోవడం సరికాదు. క్రియాటినిన్ 1.2 ఉన్న పాతికేళ్ల యువకుడినీ, అదే 1.2 ఉన్న యాభై అయిదేళ్ల స్త్రీనీ తీసుకోండి. క్రియాటినిన్‌కు వయసు, లింగం కలిపి కిడ్నీల వడకట్టే శక్తిని లెక్కకట్టే ఈజీఎఫ్ఆర్ అనే కొలతలో ఆ యువకుడికి సుమారు 86, ఆమెకు సుమారు 53 వస్తుంది. ఈ కొలత 60 కన్నా తక్కువగా మూడు నెలలకు పైగా ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుగా పరిగణిస్తారు. అంటే ప్రయోగశాల చీటీ మీద దాదాపు మామూలుగానే కనిపించే అంకెతో ఆమె జబ్బులో అడుగుపెట్టి ఉండవచ్చు. కిడ్నీల శక్తి సగం దాకా తగ్గేవరకు క్రియాటినిన్ పెద్దగా పెరగదన్న సంగతి కూడా దీనితోపాటే చెప్పించండి. ఒక నల్లబల్ల మీద ఈ ఇద్దరి అంకెలూ పక్కపక్కన రాసి చూపిస్తే చదువు లేనివారికి కూడా అర్థమవుతుంది. ఇది నేను కళ్లారా చూశాను.

రెండో ముఖ్యమైన విషయం నొప్పి మాత్రలు. ఒక సభలో వైద్యుడు ఈ సంగతి చెబుతుండగా, జీడిపప్పు బట్టీలో పనిచేసే ఒక పెద్దావిడ చీర కొంగుకు కట్టిన ముడి విప్పి, సగం వాడిన మాత్రల స్ట్రిప్పు తీసి చూపించింది. "ఏటి బాబూ, ఇది కూడా మానీమంటారేటి? ఇది ఏసుకోకపోతే పొద్దల్లా కూకుని పనెలగ సేత్తాం?" అని అడిగింది. అది డైక్లోఫెనాక్. మందుల షాపులో చీటీ అడగకుండా ఇచ్చేశారట. ఆ వైద్యుడు ఆమెను మందలించలేదు. ఎంతకాలంగా వేసుకుంటున్నదీ అడిగి తెలుసుకుని, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ వంటివి కిడ్నీకి రక్తం అందే తీరును తగ్గిస్తాయని, ఎండలో చెమట పోసి ఒళ్లు ఎండిపోయినప్పుడు వాటి హాని మరింత పెరుగుతుందని వివరించారు. అప్పుడప్పుడూ వచ్చే నొప్పికి తగిన మోతాదులో పారాసెటమాల్ వాడుకోవచ్చని, నడుము నొప్పికి కాపడం ఎలా పెట్టుకోవాలో, పనిలో కూర్చునే పీట ఎత్తు మార్చుకుంటే నొప్పి ఎందుకు తగ్గుతుందో కూడా చెప్పారు. ఆవిడ అడిగిన ప్రశ్నే అక్కడున్న ఆడవాళ్లందరిదీ. "మానేయండి" అన్న ఒక్క మాటతో సరిపెట్టి, పని ఎలా చేసుకోవాలో చెప్పకుండా దిగిపోయే వక్త వల్ల ఏ ప్రయోజనమూ లేదని నా అభిప్రాయం.

తిండి విషయంలోనూ మన ప్రాంతానికి తగినట్టు చెప్పించాలి. కొబ్బరి నీళ్లు కిడ్నీలకు మంచివని మనవారి గట్టి నమ్మకం. ఆరోగ్యంగా ఉన్నవారు ఎండలో పనిచేసి వచ్చి ఒక బొండం తాగితే మంచిదే. జబ్బు ముదిరి రక్తంలో పొటాషియం పెరిగినవారికి మాత్రం అదే బొండం గుండె లయను దెబ్బతీసేంత ప్రమాదం. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ, పనసపండులోనూ ఎక్కువే. పరామర్శకు వచ్చే చుట్టాలు ఈ రెండే మోసుకొస్తారు కాబట్టి ఈ మాట రోగికే కాకుండా ఊరందరికీ తెలియాలి. ఉప్పు రోజుకు మొత్తం ఒక చెంచాకు, అంటే 5 గ్రాములకు మించకూడదని చెప్పేటప్పుడు ఎండుచేపలు, ఊరగాయల పేర్లు ఎత్తి చెప్పాలి. ఆకు పసర్లు, భస్మాల గురించి కూడా దాచకుండా హెచ్చరించాలి, ఎందుకంటే కొన్నింటిలో ఉండే భారలోహాలు మిగిలిన కాస్త శక్తినీ తినేస్తాయి.

ఆధునిక చికిత్స గురించి మనవాళ్ల మనసులో డయాలిసిస్ ఒక్కటే ఉంది. అది చివరి మెట్టు. దానికి ముందు చేయగలిగింది చాలా ఉంది. బీపీని అదుపులో ఉంచడం, మూత్రంలో ప్రోటీను పోతున్నవారికి టెల్మిసార్టాన్, ఎనాలప్రిల్ వంటి మందులు, కొందరికి మొదట షుగరు కోసం వచ్చి తర్వాత కిడ్నీకి కూడా మేలు చేస్తాయని తేలిన డాపాగ్లిఫ్లోజిన్ వంటివి, ఇవి జబ్బు వేగాన్ని తగ్గిస్తాయి. ఎవరికి ఏది తగునో వైద్యుడే నిర్ణయించాలి. టెల్మిసార్టాన్ మొదలుపెట్టాక క్రియాటినిన్ కాస్త పెరగడం సహజం. అది చూసి భయపడి తమంతట తామే మందు మానేసేవారిని నేను చాలామందిని చూశాను. ముందే చెప్పి ఉంటే ఆ భయం ఉండదు.

డయాలిసిస్ తప్పనిసరి అయ్యే దశకు దగ్గరవుతున్నవారికి తెలియాల్సిన సంగతి ఫిస్టులా. చేతిలో ధమనినీ సిరనూ కలిపి చేసే ఈ చిన్న శస్త్రచికిత్స తర్వాత, ఆ నరం సూది గుచ్చడానికి తగినంత బలపడటానికి కనీసం ఆరు వారాలైనా పడుతుంది. ఆయాసంతో అర్ధరాత్రి ఆసుపత్రికి చేరినవారికి ఆ వ్యవధి ఉండదు, మెడలో గొట్టం వేయాల్సి వస్తుంది, దానితో ఇన్ఫెక్షన్ల బెడద మొదలవుతుంది. అందుకని క్రియాటినిన్ పెరుగుతున్నవారు కుడిచేతివాటం వారైతే ఎడమ చేతికి సెలైన్లు పెట్టించుకోకూడదు, రక్తం తీయించుకోకూడదు. ఈ ఒక్క సంగతి ఊరి ఆర్‌ఎంపీకి, ఏఎన్ఎమ్మకు, ఆశా కార్యకర్తకు తెలిసి ఉంటే ఎందరికో మేలు జరుగుతుంది కాబట్టి వాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టండి. డయాలిసిస్ సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు ఉంటుంది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాక నిపుణులను చూపించుకోవడానికి విశాఖపట్నం కేజీహెచ్ దాకా వెళ్లాల్సిన అవసరం చాలామందికి తప్పింది. ఇంట్లోనే పొట్ట ద్వారా చేసుకునే డయాలిసిస్ గురించి, అవయవ మార్పిడి గురించి క్లుప్తంగా చెప్పిస్తే చాలు, అవసరమైనవారు తర్వాత విడిగా అడుగుతారు.

"ఇంతకీ ఈ జబ్బు ఎందుకొస్తోంది?" అని తప్పకుండా అడుగుతారు. నీటిలోని సిలికా, పురుగుమందులు, ఎండదెబ్బ, ఒంట్లో నీరు తగ్గడం, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం, వీటన్నిటినీ పరిశోధకులు అనుమానించారు. ఏ ఒక్కటీ ఇదే కారణమని రుజువు కాలేదు. వైద్యుడు ఈ మాటే చెప్పాలి. నీళ్లే కారణమని వేదిక మీద తేల్చేస్తే, వంశధార నీళ్లు కుళాయికి వచ్చాయి కదా అని పరీక్షలు మానేస్తారు.

ఇప్పుడు నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది. ఫలితాలను ఎవరిది వారికే, చాటుగా ఇవ్వండి. ఒక శిబిరంలో నిర్వాహకులు మైకులో పేరు పిలిచి, అంకె చదివి చీటీలు పంచారు. పెళ్లి సంబంధాలు చూస్తున్న ఒక కుర్రాడి పేరు పిలిచి 2.1 అని చదవగానే జనమంతా వెనక్కి తిరిగి చూశారు. అతను చీటీ తీసుకోకుండానే చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఆ చీటీని నేను మర్నాడు వాళ్లింటికి తీసుకెళ్తే, వాళ్లమ్మ తలుపు దగ్గరే నిలబడి, "మా ఇంట్లో ఎవులికీ ఏ జబ్బూ లేదు మాస్టారూ" అని చెప్పి పంపించేసింది. ఉద్దానం ఊళ్లకు పిల్లనివ్వడానికి జంకేవాళ్లు ఉన్నారన్నది మనకు తెలిసిందే. ఆ తల్లి భయం అబద్ధం కాదు. ఆ తర్వాత ఆ వీధి నుంచి పెళ్లికాని కుర్రాళ్లు ఎవరూ పరీక్షకు రాలేదు. జబ్బును తొలిదశలో పట్టుకోవలసింది సరిగ్గా ఆ వయసువాళ్లలోనే. చీటీని మడిచి కవరులో పెట్టి, పక్క గదిలో వైద్యుడో నర్సో ఒక్కొక్కరితో రెండు నిమిషాలు మాట్లాడి ఇస్తే అయ్యే అదనపు ఖర్చు ఏమీ లేదు.

వక్తగా పెద్ద నగరపు నిపుణుడే రావాలని పట్టుబట్టకండి. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి, డయాలిసిస్ కేంద్రంలో పనిచేసే నర్సు ఒకరు వస్తే చాలు, ఎందుకంటే రేపు మళ్లీ కనిపించేది వాళ్లే. మీ వైపు ఒడియా మాట్లాడే ఇళ్లు కూడా ఉంటాయి కాబట్టి వాళ్ల భాషలో తిరిగి చెప్పగలిగినవారిని పక్కన ఉంచండి. మందస కొండ ఊళ్లలో పెడితే సవర తెలిసినవారు కావాలి. తెలుగు బాగానే అర్థమవుతుంది కదా అనుకుంటాం గానీ, ఒంటి బాధ చెప్పుకునేటప్పుడు ఎవరికైనా ఇంటి భాషే నోటికొస్తుంది.

కాలం విషయానికొస్తే, జీడి పిక్కల కోత రోజులు వదిలేయండి, ఎవరూ రారు. సంక్రాంతి మూడు రోజులు గడిచాక పెట్టండి. ముంబైకి, గుజరాత్‌కు, విశాఖపట్నానికి పనులకు వెళ్లిన మగవాళ్లు అప్పుడు ఊళ్లో ఉంటారు. వాళ్ల రక్తం ఆ వారమే తీయించాలి. తేడా కనిపించినవారికి మూడు నెలలకు మళ్లీ పరీక్ష ఉంటుంది కాబట్టి, ఆ తేదీని కవరు మీదే రాసి ఇవ్వండి. అప్పటికి వాళ్లు తిరిగి వెళ్లిపోయి ఉంటారు. ఉన్నచోటే ప్రభుత్వాసుపత్రిలో చేయించుకుని రిపోర్టు ఫొటో నేరుగా ఆశా కార్యకర్తకు పంపమని చెప్పండి. సంఘం తరఫున ఒకరు ఆ తేదీలు గుర్తుపెట్టుకుని ఫోను చేసే బాధ్యత తీసుకోవాలి. ఆ ఒక్కరు ఎవరో తేల్చుకున్నాకే సభకు రోజు నిర్ణయించండి.