‘వేల్ రైడర్’ సినిమా చూసేశాను, ఇక నవల చదవాలా?

చదవాలి. 2002లో వచ్చిన ఆ సినిమా బాగుంటుంది, కాదనను. కానీ న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల రచయిత విటి ఇహిమైరా రాయగా 1987లో వచ్చిన ‘ది వేల్ రైడర్’ అనే ఆ చిన్న నవలకు అసలు ప్రాణం నానీ ఫ్లవర్స్, కథలోని పిల్ల కహుకి తాతమ్మ. సినిమాలో ఆమె సగమే కనిపిస్తుంది.

కథ మీకు తెలుసు. న్యూజిలాండ్ తూర్పు తీరంలో ఫాంగరా అనే ఊరు. తిమింగలం మీద వచ్చిన పైకియా వాళ్ళ మూలపురుషుడు. వంశాన్ని నిలబెట్టే మగపిల్లాడి కోసం ముత్తాత కోరో ఎదురుచూస్తుంటే ఆడపిల్ల పుడుతుంది, కహు. (సినిమాలో ఆయన్ని తాతను చేశారు.)

మా అమ్మ ఆక్లాండ్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు, చలికాలం రాత్రుళ్ళు ఈ పుస్తకం తెలుగులో చెబుతూ చదివాను. ముసలాయన మీద కోపం వచ్చినప్పుడల్లా నానీ ఫ్లవర్స్ "నీకు విడాకులిచ్చి కొండ అవతల ముసలి వారీ దగ్గరికి పోతా" అంటుంది. అమ్మ దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. స్కూలు వేడుకలో కహు మావోరీలో మాట్లాడే ఘట్టం వచ్చింది. ముత్తాత కోసం ఉంచిన కుర్చీ ఖాళీగా ఉంటుంది. "ఇక ఆపవే" అంది అమ్మ.

కాసేపటికి తనే చెప్పింది. ఎనిమిదో తరగతిలో పోతన పద్యాలకు ఫస్టు ప్రైజు వచ్చిన రోజు, పొలం నుంచి నేరుగా వస్తానన్న తాతయ్య రాలేదట. బల్లలన్నీ సర్దేసే దాకా స్కూలు గేటు దగ్గరే నిలబడిందట. అమ్మకి డెబ్బై ఒకటి. ఈ మాట అంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

దీన్ని పిల్లల పుస్తకం అనేవాళ్ళతో నాకు పడదు. కథ చెప్పే రవిరి, కహు బాబాయి, పాపువా న్యూగినీలో ఒక తెల్లవాళ్ళ తోటలో పనికెళ్ళి, అక్కడ ఒక స్థానికుడి ప్రాణానికి వాళ్ళిచ్చే విలువ ఎంతో కళ్ళారా చూస్తాడు. ఆ భాగమంతా సినిమాలో ఎత్తేశారు. అది తీసేస్తే, అతను ఊరికి ఎందుకు తిరిగొచ్చాడో ఏం అర్థమవుతుంది? మావోరీ మాటలు అడ్డం పడుతున్నాయని ఫిర్యాదు చేసేవాళ్ళు ఇంకో రకం. మరాయి అంటే ఏంటో నాలుగు పేజీలు చదివితే అదే తెలుస్తుంది. తద్దినం అంటే ఏంటో మన నవలల్లో ఎవరైనా విడమరిచి చెబుతున్నారా?

ఇహిమైరా న్యూయార్క్‌లో దౌత్య ఉద్యోగంలో ఉండగా హడ్సన్ నదిలోకి ఒక తిమింగలం వచ్చింది. సినిమాల్లో సాహసాలన్నీ మగపిల్లలే ఎందుకు చేస్తారని ఆయన కూతుళ్ళు నిలదీశారు. పుస్తకం అలా పుట్టింది. ఆ నిలదీయడం పుస్తకమంతా వినిపిస్తుంది. ఎక్కువగా నానీ ఫ్లవర్స్ గొంతులోనే.

మర్నాడు రాత్రి అమ్మే పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. చివరి అధ్యాయం రెండుసార్లు చదివించుకుంది.