తిత్లీ తుపానులో దెబ్బతిన్న అంబాసిడర్: బాగుచేయించాలా, తుక్కుకేయాలా?

తమ్ముడూ, 2018 తిత్లీకి కొబ్బరిచెట్టు పడి టాప్ నొక్కుకుపోయిన మీ నాన్నగారి 1972 అంబాసిడర్‌ని బాగుచేయించాలా, పలాసలో తుక్కుకేసేయాలా అన్నావు కదా, ముందు టాప్ గురించి బెంగ వదిలేయ్. అంబాసిడర్‌కి లారీలా విడిగా చాసిస్ ఉండదు, బలమంతా బాడీలోనే, కాబట్టి తేల్చాల్సింది కింద రేకు సంగతి. మ్యాట్లన్నీ లాగేసి డోర్ల కింద బాక్సులు, ఫ్లోరు, ముఖ్యంగా వెనక కమాన్ కట్టలు బిగించే చోటు స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడు, టంగుమంటే పర్లేదు, పుసుక్కున దిగిపోయిందంటే సముద్రపు గాలికి లోపల తినేసిందన్నమాటే. తర్వాత డోర్లు తెరిచి ఆ ఖాళీని మూల నుంచి మూలకి టేపుతో కొలిచి చూడు, కుడికీ ఎడమకీ తేడా బాగా వస్తే టాప్‌ని మోసే పిల్లర్లు వంగినట్టు.

ఈ రెండూ బాగుంటే నా మాట విని చేయించు, ఇలాంటి బండి మళ్లీ రాదు. రెండూ పోతే మాత్రం పుట్టీ కొట్టి పెయింటేస్తామనే వాళ్లకి ఒక్క రూపాయి ఇవ్వకు, అది ప్రాణాలతో చెలగాటం.

ఇంజిన్ పట్టేసిందన్నావు, సెల్ఫ్ అస్సలు కొట్టొద్దు, ప్లగ్గులు తీసి సిలిండర్లలో కాస్త ఆయిల్ పోసి కొన్నాళ్లు వదిలేసి, అప్పుడు చేత్తో మెల్లగా తిప్పించు. వేరే ఇంజిన్ ఎక్కించమంటే ఒప్పుకోకు, 50 ఏళ్లు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ వస్తుంది గానీ బాడీ, ఇంజిన్ మార్చకుండా ఉండాలి, పైగా దాంతో రోజూ తిప్పడానికి కుదరదు. ఆర్సీ ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంటే ముందు దాన్ని నీ పేరుకి మార్చుకునే పని చూసుకో.