వాకరౌండ్ నుంచి తిరిగొచ్చాక

చి. అమ్మలూ,

ఆశీస్సులు. సోమవారం నుంచి నీకు పైలట్‌గా లైన్ ట్రైనింగ్ (నిజమైన ప్రయాణాల్లో శిక్షణ) అని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. ల్యాండింగ్ గురించి నీకు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. నేను మాత్రం పుష్‌బ్యాక్‌కి (విమానాన్ని గేటు నుంచి వెనక్కి నెట్టడానికి) ముందు ఉండే ఆ అరగంట గురించి రాస్తున్నాను. బయలుదేరగానే దారి తప్పిన విమానాల నివేదికలు చదివితే, గేటు దగ్గర నిలబడి ఉండగానే తప్పు జరిగిపోయిన సందర్భాలు ఎన్నో కనిపిస్తాయి. ఒకరు అంకె తప్పు కొట్టారు, రెండోవాళ్లు చూడకుండా సరే అన్నారు.

1989 సెప్టెంబరు 3 సాయంత్రం బ్రెజిల్‌లో మరాబా నుంచి బెలెంకి వారిగ్ 254 విమానం బయలుదేరింది. గంట కూడా పట్టని ప్రయాణం. ఫ్లైట్ ప్లాన్‌లో హెడింగ్ (విమానం ముక్కు ఉండాల్సిన దిక్కు) నాలుగు అంకెల్లో ఉంది, చివరిది దశాంశం. 0270 అంటే 27 డిగ్రీలు, ఉత్తరానికి కాస్త తూర్పుగా. కెప్టెన్ దాన్ని 270 అని చదివి పెట్టేశాడు. అది నేరుగా పడమర. అప్పుడు కో-పైలట్ కింద వాకరౌండ్ (విమానం చుట్టూ తిరిగి చూసే తనిఖీ) చేస్తున్నాడు. పైకొచ్చాక తన కాగితం చూసుకోకుండా, కెప్టెన్ పెట్టిన అంకెనే చూసి తన వైపూ పెట్టుకున్నాడు. బెలెంకి వెళ్తుంటే దిగిపోయే పొద్దు ఎడమచేతి వైపు ఉండాలి. వాళ్లకది ఎదురుగా ఉంది. మూడు గంటలకు పైగా తిరిగి, ఇంధనం అయిపోయి, ఆ బోయింగ్ 737 చీకట్లో అమెజాన్ అడవి మీద పడింది. కాక్‌పిట్‌లో ఇద్దరిని కూర్చోబెట్టేదే ఒకరి తప్పు ఇంకొకరు పట్టుకోవాలని. ఒకరి అంకెను ఇంకొకరు కాపీ కొడితే అక్కడ ఉన్నది ఒక్క పైలటే.

అది పాతకాలం విమానం, ఇప్పుడు కంప్యూటర్లున్నాయి అనుకోకు. 2015 మార్చి 10న సిడ్నీలో ఎయిర్‌ఏషియా ఎక్స్ ఎ330 విమానం కంప్యూటర్‌లో అది నిలబడిన గేటు అక్షాంశ రేఖాంశాలు చేత్తో కొట్టారు. తూర్పు రేఖాంశం 15109.8 కొట్టాల్సింది, 01519.8 పడింది. అంటే 151 డిగ్రీలకు బదులు 15. సిడ్నీలో నిలబడిన విమానం తాను కేప్‌టౌన్‌కి పడమరగా అట్లాంటిక్ సముద్రం మీద ఉన్నానని నమ్మింది. 11,000 కిలోమీటర్ల తేడా! టేకాఫ్‌కి ముందే హెచ్చరికలు వచ్చినా ఎవరూ ఆగి చూడలేదు. 16 రైట్ అనే రన్‌వే నుంచి లేచి ఆటోపైలట్ పెట్టగానే పక్క రన్‌వే దారిలోకి ఎడమకు తిరిగింది. కౌలాలంపూర్ వెళ్లాల్సినవాళ్లు చివరికి మెల్‌బోర్న్‌లో దిగారు. ఆ రోజు కూడా అంకె పడినప్పుడు ఫస్ట్ ఆఫీసర్ వాకరౌండ్‌లోనే ఉన్నాడు.

అందుకే చెబుతున్నా, వాకరౌండ్ నుంచి తిరిగొచ్చి బెల్టు పెట్టుకున్నాక, నువ్వు లేనప్పుడు కంప్యూటర్‌లోకి ఏం వెళ్లిందో మొదటి నుంచి చూడు. స్క్రీన్ చూసి స్క్రీన్‌తోనే సరిపోల్చకు. చార్టు చేతిలో పట్టుకో. ఎస్‌ఐడీ (టేకాఫ్ తర్వాత పట్టాల్సిన నిర్ణీత దారి) పేరు, రన్‌వే, మొదటి మూడు నాలుగు వేపాయింట్లు (దారిలోని గుర్తు స్థానాలు), వాటి మధ్య ట్రాక్ (సాగాల్సిన దిక్కు), దూరం, ఎత్తు పరిమితులు చార్టులో చదివి, తర్వాత స్క్రీన్‌లో వెతుకు. ఆలస్యమవుతోందని గ్రౌండ్ స్టాఫ్ తలుపు దగ్గర నిలబడినా సరే, ఆ రెండు నిమిషాలు తీసుకో.

ఏ రన్‌వే అన్నది మధ్యలో మారితే ఇంకా జాగ్రత్త. నేను కెప్టెన్‌గా ఉన్నప్పుడు ఒకసారి విమానం గేటు నుంచి రన్‌వే వైపు నేల మీద వెళ్తుండగా రన్‌వే మార్చారు. నేను కొత్త రన్‌వే పెట్టాను కానీ ఎస్‌ఐడీ పాతదే ఉండిపోయింది. టేకాఫ్ అయ్యాక విమానం ఆ పాత దారికి తిరగబోతుంటే ఏటీసీ (నేల మీది విమాన నియంత్రణ కేంద్రం) పిలిచి హెడింగ్ ఇచ్చారు. ఆ సమయంలో దగ్గర్లో వేరే విమానం లేదు. పక్క సీట్లో ఉన్న కో-పైలట్ అబ్బాయి ఆ తప్పు ముందే చూశాడట. "మీరు చూసే ఉంటారనుకున్నాను సర్" అని రాత్రి హోటల్లో చెప్పాడు. నాకు ఆ రోజు నిద్ర పట్టలేదు. అంత చిన్న మాట నాతో చెప్పలేనంతగా వాడు ఎందుకు జంకాడా అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. నువ్వు మాత్రం జంకకు. "సర్, ఎస్‌ఐడీ పాత రన్‌వేదే ఉంది, ఆపి మారుద్దాం" అను. కెప్టెన్ విసుక్కుంటే విసుక్కోనీ.

రన్‌వే మీద నిలిచాక కంపాస్ చూడు. రన్‌వే 22 అయితే దాదాపు 220 కనిపించాలి. 2006 ఆగస్టు 27న అమెరికాలో కెంటకీలోని లెక్సింగ్టన్‌లో తెల్లవారకముందు కోమెయిర్ 5191 విమానం పొడవైన 22 బదులు సగం పొడవున్న 26 మీద పరుగెత్తింది. 49 మంది పోయారు. ఆ ఒక్క చూపుకి ఒక క్షణం చాలు.

లేచాక ఆటోపైలట్ ఏ మోడ్‌లో ఉందో పైకి చదువు. నావ్ (కంప్యూటర్‌లోని దారిని పట్టుకునే మోడ్) ఎంగేజ్ అయిందా, ఇంకా హెడింగ్ మీదే ఉందా? 1983లో సోవియట్లు కూల్చిన కొరియన్ 007 విమానం, అలాస్కాలోని యాంకరేజ్ వదిలిన కాసేపటికే దారి నుంచి జరిగింది. ఆటోపైలట్ ఐఎన్ఎస్ (విమానం ఎక్కడుందో లెక్కగట్టే పరికరం) చూపిన దారి పట్టకుండా హెడింగ్ మీదే ఉండిపోయింది. 269 మంది ప్రాణాలు, అమ్మలూ.

డ్యూటీ రోస్టర్ రాగానే మొదటి సెక్టార్ ఎక్కడి నుంచి ఎక్కడికో చెప్పు. ఆ ఎయిర్‌పోర్టు చార్టులు పట్టుకుని ఆదివారం ఇంటికి రా. డైనింగ్ టేబుల్ మీద పరిచి ఇద్దరం ఒక్కో వేపాయింటూ చదువుదాం.

మీ మామయ్య