పరిషత్తు కోసమా, పేట కోసమా?

ప్రశ్న: మాది గాజువాక దగ్గర ఒక కాలనీ. ఉక్కు కర్మాగారంలో పనిచేస్తున్నవాళ్లం కొందరం, రిటైరైన పెద్దలు, ఇద్దరు ఉపాధ్యాయినులు కలిసి సొంతంగా నాటక సమాజం పెట్టుకోవాలనుకుంటున్నాం. సగం మంది నాటక పరిషత్తులు పెట్టే పోటీలకు నాటిక సిద్ధం చేద్దామంటారు, మిగిలినవారు ముందు కాలనీలో ఆడదామంటారు. సమాజానికి ఆశయం ఏమని రాసుకోవాలి? రిజిస్ట్రేషన్ ముందా, నాటకం ముందా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: కాలనీలో ఆడదామన్నవారి మాటే నాకు సబబుగా తోస్తోంది. పరిషత్తులను తక్కువ చేసి ఈ మాట అనడం లేదు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు ఏర్పడిన నాటి నుంచి తెలుగు నాటికను బతికించినవి చాలావరకు పోటీ వేదికలే. అయితే పోటీ నాటికకు ఒక కొలత ఉంది: గంట నిడివి, నాలుగైదు పాత్రలు, ఒకే సెట్టు, ఉత్తమ నటుడి బహుమతికి పనికివచ్చే ఒకటి రెండు బరువైన సన్నివేశాలు. న్యాయనిర్ణేతల ముందు కొన్ని ఊళ్లలో ఆడి, షీల్డులు తెచ్చాక అది ఆగిపోతుంది. సమాజం పుట్టిన వీధిలోని వారు మాత్రం దానిని ఒక్కసారి కూడా చూసి ఉండరు.

ఆశయం విషయానికొస్తే, ‘తెలుగు నాటకరంగ వికాసానికి కృషి చేయుట’ అని అందరూ రాసే వాక్యమే మీరూ రాస్తే ఎవరూ అభ్యంతరం చెప్పరు గాని, రేపు ఏ నాటకం ఎత్తుకోవాలో ఆ వాక్యం మీకు చెప్పదు. ఎవరి కోసం, ఏ విషయం మీద, ఎక్కడ, ఏడాదికి ఎన్నిసార్లు ఆడతారో రాసుకోండి. దీనికి పెద్ద ఉదాహరణ మన ప్రాంతంలోనే ఉంది. అప్పటి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాలలో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల (పిల్ల తండ్రికి డబ్బిచ్చి చేసుకునే పెళ్లిళ్ల) జాబితాను విజయనగరం మహారాజు ఆనందగజపతి తయారుచేయించారు. లెక్కకు అందినవి 1,034 అనీ, వాటిలో ఐదేళ్ల పిల్లల పెళ్లిళ్లు 99 అనీ గురజాడ ‘కన్యాశుల్కం’ ఆంగ్ల పీఠికలో రాశారు. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వారు ఆ నాటకం ఆడినప్పుడు ప్రేక్షకులు చూసినది తమ ఇళ్లలోనూ, పొరుగిళ్లలోనూ జరుగుతున్నదే.

అటువంటి సరుకు మీకూ దూరంలో లేదు. కర్మాగారానికి భూములిచ్చిన నిర్వాసితుల కుటుంబాలు మీ చుట్టుపక్కలే ఉన్నాయి. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అంటూ 1966లో సాగిన ఉద్యమాన్ని కళ్లారా చూసిన పెద్దలు ఇంకా ఉన్నారు. వారి దగ్గర కూర్చొని, చెప్పింది చెప్పినట్టు, వారి యాసలోనే రాసుకోండి. నటులూ ఆ యాసలోనే మాట్లాడాలి. ఉత్తరాంధ్ర మాటను హాస్యపాత్రకు వదిలేసి, కథానాయకుడి చేత పుస్తక భాష పలికించే అలవాటు మన రంగస్థలాన్ని ఇంకా వదలలేదు, అది నాకు ఏనాడూ మింగుడుపడలేదు.

రిహార్సల్స్‌కు షిఫ్టులే మీకు అసలు చిక్కు. ఎ, బి, సి షిఫ్టులలో తిరిగే నటులందరూ ఒకే సాయంత్రం కుదరడం దుర్లభం కనుక, ముఖ్యమైన ప్రతి పాత్రకూ ఇద్దరిని తయారుచేయండి. ఒకరు డ్యూటీలో ఉన్నా నాటకం ఆగదు, పైగా అలిగిన కథానాయకుడి ఇంటి చుట్టూ కమిటీ తిరగనక్కరలేదు. ఇంకొకటి, వేలాడే మైకు కిందికి వచ్చి మాట చెప్పి తప్పుకోవడం మన నటులకు పాత అలవాటు. దానివల్ల భార్యాభర్తల గొడవ కూడా బహిరంగసభలో ఉపన్యాసంలా వినిపిస్తుంది. కాలనీ కమ్యూనిటీ హాలు చిన్నదే అయి ఉంటుంది కాబట్టి మైకు లేకుండా ఆడండి. రిహార్సల్ రోజునే ఫ్యాన్లన్నీ వేసి, చివరి వరుసలో ఒకరిని కూర్చోబెట్టి, ప్రతి వాక్యంలో చివరి మాట వినిపిస్తోందో లేదో చూసుకోండి. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, ఊపిరి చాలక గొంతు తగ్గేదీ అక్కడే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల విభాగం ఉంది కాబట్టి, అక్కడ చదివినవారి చేత గొంతు మీద, కదలికల మీద కొన్నాళ్లు శిక్షణ ఇప్పించుకోవచ్చు.

రిజిస్ట్రేషన్‌కు తొందర లేదు. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు, ఒక నియమావళి ఉండాలి. విరాళాలు తీసుకోవాలన్నా, సమాజం పేరిట బ్యాంకు ఖాతా నడపాలన్నా అది అవసరమే. కానీ ఒకటి రెండు ప్రదర్శనలు అయ్యాక చేయించండి. అధ్యక్షుడు ఎవరన్న తగవుతో మొదలైన సమాజాలు తెర ఎత్తకుండానే మూతపడతాయి.

ప్రశ్న: మా పేట సమాజంలో స్త్రీ పాత్రలకు ఎవరూ ముందుకు రావడం లేదు. పారితోషికం ఇచ్చి బయటి నుంచి నటీమణులను పిలవడం తప్పా?
– ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: తప్పు కాదు, వారి వృత్తి అది. కానీ ఎప్పుడూ అదే పద్ధతైతే మీ పేట స్త్రీలు ప్రేక్షకులుగానే మిగిలిపోతారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలైన సురభి వారు కుటుంబాన్నే సమాజంగా మార్చుకున్నారు, అక్కడ తల్లి, కూతురు, కోడలు అందరూ నటులే. మీ పేటలో అడ్డంకి సిగ్గు అని మీరనుకుంటున్నారేమో గాని, చాలాచోట్ల అది రాత్రి పది గంటలకు ఇంటికి చేరడం ఎలా అన్న దిగులు. రిహార్సల్ ఎనిమిదికల్లా ముగించండి, పిల్లలను వెంట తెచ్చుకోనివ్వండి, నాటకం ఎంపిక చేసే కమిటీలో వారికి చోటివ్వండి. అసలు మీరే మొదటి పాత్ర ఎందుకు వేయకూడదు?

ప్రశ్న: రావిశాస్త్రి గారి ‘నిజం’ నాటకం ఆడాలంటే అనుమతి కావాలా?
– ఒక పాఠకుడు, భీమిలి

జవాబు: మన చట్టంలో కాపీహక్కు రచయిత మరణానంతరం మరో 60 ఏళ్లు ఉంటుంది. గురజాడ 1915లో గతించారు కనుక ఆయన నాటకాలకు ఎవరినీ అడగనక్కరలేదు. రావిశాస్త్రి గారు పోయినది 1993లో, కాబట్టి ఆయన రచనలపై హక్కు 2053 చివరి దాకా ఉంటుంది. అయితే ఔత్సాహిక సమాజం టిక్కెట్టు లేకుండా ఉచితంగా ఆడితే అది ఉల్లంఘన కాదని 1957 కాపీరైటు చట్టంలోని 52వ సెక్షన్ చెబుతోంది. టిక్కెట్టు పెడితే హక్కుదారుల రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. ఉచితంగా ఆడినా ముందుగా వారికి ఒక ఉత్తరం రాయడం మర్యాద. సన్నివేశాలు కత్తిరించే ఉద్దేశం ఉంటే ఆ సంగతి కూడా అందులోనే అడగండి.